నీలి తలుపు వెనుక రాతితొట్టి

మూడో రోజు పొద్దున కూడా నల్లప్ప పళ్లెం ముట్టలేదు.

కూతురు భారతి పెట్టిన బొరుగుల ఒగ్గాని ఆమె ఇంటి గేటు పక్క అరుగు మీద చల్లారిపోయింది. ఆయన దాని వంక కూడా చూడకుండా, తలగుడ్డ ఒళ్లో పెట్టుకుని, రోడ్డు మీద పోయే లారీలను చూస్తున్నాడు. ఏ లారీ వచ్చినా ఆయన మెడ దానితోపాటు వీధి చివరిదాకా తిరుగుతోంది. ఆయన రాతి తొట్టిని దొంగలు ఎత్తుకుపోయింది లారీలోనేనని ఊళ్లో ఎవరో చెప్పారు మరి.

"రోంతన్నా తిను నాయనా."

"ఆకలి కాలేదు పాపా."

"మూడు దినాల్లో ఒక్కసారి కూడా కాలేదా?"

"నీళ్లు తాగినా కదా. చాలు."

లోపల బల్ల దగ్గర భారతి మొగుడు గంగాధర్ మిరపకాయ బజ్జీ కొరుకుతున్న చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది. మామ పస్తుంటే అల్లుడు నాలుగో బజ్జీకి చెయ్యి చాపాడు. పన్నెండేళ్ల కాపురంలో ఆ నమిలే చప్పుడు భారతి చెవికి ఎప్పుడూ ఎక్కలేదు. ఈ మూడు రోజులుగా మాత్రం అదొక్కటే వినపడుతోంది.

"మామా," అని కూర్చున్నచోటినుంచే కేకేశాడు గంగాధర్. "రాయే కదా మామా! కొత్తది చేయిస్తాలే. దానికన్నా పెద్దది, గ్రానైటుది. పాలిషు పట్టించి అత్త ఫోటో కూడా చెక్కిస్తా. లేచి తిను."

నల్లప్ప తల తిప్పలేదు. గొర్రెలు మొహాలు చూసుకోవడానికి వస్తాయా తొట్టి కాడికి అని మొగుణ్ణి అడగాలనిపించింది భారతికి. పళ్లెం మీద మూత పెట్టింది.

భార్య తిమ్మమ్మ చనిపోయి ఏడాది తిరగకముందే నల్లప్ప మందలో మంచి పొట్టేళ్లను అమ్మి ఆ తొట్టి చేయించాడు. కంబదూరు అవతల వాళ్ల ఊరి మేతబాటలో, బోరు పక్కన, ఒకే రాయిని తొలిపించి పెట్టిన తొట్టి. పోయినవాళ్ల పేరు మీద జీవాలకు నీళ్లు పెట్టడం వాళ్లలో ఉంది. ఆ బోరు ఎండిపోయి మూడేళ్లయినా, అమావాస్య అమావాస్యకూ ఆయన తొట్టి కడిగి, కుంకుమ పెట్టి, బిందెలతో నీళ్లు మోసి నింపేవాడు. పరాయి మంద తాగిన తర్వాతే తన మందను వదిలేవాడు. ఈసారి మేత బొత్తిగా లేక జీవాలను తోలుకుని తుంగభద్ర కాలువ కిందికి వలసపోయాడు. మూడు నెలలకు తిరిగొచ్చి చూస్తే తొట్టి ఉన్నచోట నాలుగు మూలల గుర్తులూ మధ్యలో చీమలూ మిగిలాయి.

"పోలీసు స్టేషన్లో ఏమన్నారు నాయనా నిన్న?"

"ఇట్లాంటి తొట్లు ఊరికి నాలుగుంటాయి, నీదని ఎట్ల గుర్తుపట్టేది అన్నారు. కొలతలుంటే తెమ్మన్నారు." నల్లప్ప మొదటిసారి కూతురి వైపు తిరిగాడు. "బెంగుళూరులో చదివేటప్పుడు నువ్వు టేపు పట్టి కొల్చుకోని పోయినావే. ఆ కాయితం ఉండాదా?"

ఉంది. అప్పటి కాగితం ఎప్పుడో పోయింది కానీ, ఆ బొమ్మ కంప్యూటర్లో ఉంది. పోయినేడు గ్రీకు పల్లెలా కట్టే హోటలుకు బొమ్మలు గీసే పని ఒప్పుకున్నప్పుడు, గుమ్మం దగ్గర అతిథులు చేతులు కడుక్కోవడానికి ఒక పాత రాతి తొట్టి పెడదామనుకుంది భారతి. గ్రీకు పల్లెల ఫోటోలు ఎన్ని ముందేసుకున్నా, చెయ్యి తనంతట తానుగా అమ్మ తొట్టినే గీసింది. ఏడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, బండినుంచి దింపేటప్పుడు పెచ్చు ఊడిన ఎడమ మూలతో సహా. తర్వాత హోటలు యజమాని సందీప్ అక్కడ రాగి బేసిన్లే కావాలన్నాడు. తొట్టి సంగతి అంతటితో ఆగిపోయింది.

ప్రింటరు కాగితాన్ని బయటికి నెట్టింది. నల్లప్ప దాన్ని రెండు చేతులా పట్టుకుని ఎండకు చూపించాడు.

"మూల విరిగింది కూడా గీసినావే!" అన్నాడు. మూడు రోజులకు ఆయన గొంతులో కాస్త ప్రాణం వచ్చింది. నాలుగు మడతలు పెట్టి బనీను జేబులో పెట్టుకుని, చెప్పులేసుకుని, స్టేషనుకు బయలుదేరాడు.

ఆయన సందు మలుపు తిరిగాక భారతి తెర మీద మిగిలిన బొమ్మను చూసింది. కింద హోటలు పేరు, తన సంతకం. దాని పైన తన రాతలోనే ఒక వాక్యం: 'ఇవే కొలతల్లో పాత రాయి వెతికి తేవలెను.'

ఆ వాక్యం ఆమె రెండుసార్లు చదివింది.

"ఏమప్పా, ఆ తొట్టి షీటు క్యాన్సిలయింది కదా?"

"ఆ." ఆమె గీసినవాటికి సామాన్లు తెప్పించే గంగాధర్ చెయ్యి కడుక్కుంటున్నాడు.

"పాత సామాన్లోళ్లకి ఇచ్చినావా దాన్ని?"

"నూరు షీట్లు ఇచ్చినాం. ఏది ఎవరికిచ్చినామో యాడ గుర్తుంటాది? సాయంత్రం ఆరుకి ఓపెనింగు. ఇప్పుడా ఇవన్నీ?"

అతను తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. వేలు వేలునూ విడివిడిగా, చాలాసేపు తుడుచుకున్నాడు. తల మాత్రం ఎత్తలేదు.

*

బెంగుళూరు రోడ్డు మీద, వేరుశనగ చేలు ఎండి బూడిదరంగు తిరిగినచోట, తెల్లటి గుమ్మటాలతో నిలబడింది ఆ హోటలు. బోర్డుకు ఇంకా గుడ్డ కప్పే ఉంది. చుట్టుపక్కల పల్లెలవాళ్లు దాన్ని గ్రీకు హోటలు అని కొందరు, తెల్ల గోరీలు అని కొందరు అంటున్నారు.

సందీప్ తండ్రికి గ్రానైటు క్వారీలున్నాయి. పెళ్లయిన కొత్తలో సందీప్ గ్రీసు దేశంలో పది రోజులు తిరిగొచ్చి, ఇక్కడ భారతి ప్రాణం పదకొండు నెలలు తీశాడు. గోడలు సున్నంతోనే ఉండాలి, కానీ కొత్తగా కనపడకూడదు. కుండలు కుమ్మరి దగ్గర కొత్తవి కొని, పగలగొట్టి, మళ్లీ అతికించాలి. సిమెంటు తొట్లలో ప్లాస్టిక్ ఆకుల ఆలివ్ చెట్లు, పందిరికి ప్లాస్టిక్ కాగితంపూలు. వాటి మధ్య ఎక్కడో దాచిన స్పీకర్లలోంచి సముద్రం హోరు. సముద్రం మొహం ఎరగని జిల్లాలో, తాగే నీళ్లకు ట్యాంకరు వచ్చేచోట, నడుస్తున్నంతసేపూ కాళ్ల కింద అలలు వచ్చిపోతున్నట్టు ఉంటుంది.

నిన్నటిదాకా భారతి దీన్ని చూసి మురిసిపోయింది. తను గీసిన ప్రతి నీలి తలుపునూ ఫోనులో ఫోటో తీసుకుంది. ఇప్పుడు లోపలికి అడుగుపెడుతుంటే, ఎవరో నమిలి ఊసింది తన నోట్లో పెట్టినట్టుంది.

నిచ్చెన మీద బేల్దారి మేస్త్రీ అల్లాబకాష్ తాపీ మొనతో గోడను గీకుతున్నాడు.

"ఇంకా పగుళ్లు చాలవంటమ్మా," అన్నాడు కిందికి చూడకుండానే. "నలభై ఏండ్లు గోడ పగలకుండా సున్నం కొట్టినా. ఈ వయసులో పగిలినట్టు కొట్టమంటాండారు. ఏంది ఖర్మ!"

"అన్నా, ఈడికి రాతి తొట్టి ఏమన్నా వచ్చిందా?"

తాపీ ఆగింది. అల్లాబకాష్ మెల్లగా నిచ్చెన దిగాడు. భుజం మీది గుడ్డతో మొహమంతా తుడుచుకున్నాడు.

"నీకు తెల్సనుకున్నానమ్మా."

"యాడుంది?"

ఆయన హాలు చివర నీలి తలుపు వైపు నడిచాడు. ఆ తలుపు మీద చేతిలో కూజా పట్టుకున్న గ్రీకు మగమనిషి బొమ్మ ఉంది. ఆ బొమ్మ గీసింది కూడా భారతే. అది మగవాళ్ల మరుగుదొడ్డి.

లోపల దీపాలు ఎక్కడున్నాయో తెలియకుండా వెలుగు పడుతోంది. తెల్లటి గోడ వెంబడి, నడుము కన్నా కింద, ఏడడుగుల తొట్టి. పైన రాగి గొట్టంలోంచి సన్నటి నీటి ధార గోడ మీదుగా ఆగకుండా జారుతోంది. తొట్టి నిండా ఐసుముక్కలు, వాటి మీద నిమ్మచెక్కలు. పెద్ద ఊళ్ల హోటళ్లలో వాసన రాకుండా అలా పోస్తారట. వారం రోజులుగా పనివాళ్లు దాంట్లోనే ఒంటికి పోతున్నారు. ఐసు అక్కడక్కడా పసుపుపచ్చగా కరిగి గుంటలు పడింది. ఒక సిగరెట్టు పీక తేలుతోంది. ఫినాయిలు ఎంత పోసినా దాని కిందినుంచి ఉచ్చకంపు కొడుతోంది.

ఎడమ మూల పెచ్చు ఊడి ఉంది.

భారతి ఆ మూల మీద చెయ్యి వేసింది. తడిగా, జిగటగా తగిలింది. పరుగెత్తి బయటి రాగి బేసిన్లో వాంతి చేసుకుంది. సబ్బు రాసి చెయ్యి కడిగింది, మళ్లీ కడిగింది. మూడోసారి సబ్బు అందుకుంటూ ఆగిపోయింది. అమ్మ తొట్టిని ముట్టుకున్న చేతిని తను ఇంత అసహ్యంగా తోముకుంటోంది. ఆ సంగతి తెలిశాక మళ్లీ వాంతి వచ్చింది.

"పేరుంటాదన్నా దానికి," అంది నోరు తుడుచుకుంటూ. "తిమ్మమ్మ పేరు."

"ఉందమ్మా. దించిన దినమే నేను చదివినా. 'తిమ్మమ్మ పేరిట నల్లప్ప పెట్టిన నీళ్లు' అని. సారుకి చెప్పినా."

"ఏ సారుకి?"

అల్లాబకాష్ నేల చూశాడు. "మీ సారుకే. అక్షరాలు గోడ వైపు తిప్పి పెట్టమన్నాడు. నీళ్లు పోయేదానికి అడుగున బెజ్జం కొట్టేది నా చేత కాదని చెప్పినా. వేరేవాళ్లను పిలిపించి కొట్టించినాడు. ఆమె నీకు ఏమవుతాదో నాకు తెల్దమ్మా. ఎవరో పెద్దమనిషి పేరు కదా, ఇట్లాంటిచోట వద్దని చెప్పి చూసినా."

అప్పుడే సందీప్ తెల్లటి నార చొక్కాలో, చేతిలో ఫోనుతో వచ్చాడు.

"మేడమ్, చూసినారా గెంట్స్? అదిరిపోయింది కదా! ఐసు ఐడియా నాది."

"సందీప్, ఈ తొట్టి మా అమ్మది. మా ఊరినుంచి ఎత్తుకొచ్చినారు. ఇప్పుడే తీయించల్ల."

సందీప్ మొహంలో నవ్వు ఎటు పోవాలో తెలియక కాసేపు అక్కడే నిలబడింది. "ఎత్తుకొచ్చేదేంది మేడమ్? గంగాధరన్న సప్లయి చేసినాడు. మీ డ్రాయింగే, మీ సంతకమే. నాకేం తెలుసు?"

"ఇప్పుడు చెప్తాండా కదా."

"ఇప్పుడు పగలగొడితే గోడంతా పోతాది. ఆరు గంటలకి మూడు వందల మంది వస్తాండారు. రాయే కదా మేడమ్, దానికి తెలుస్తాదా ఏం పోస్తాండారో?"

భారతి చెయ్యి లేచింది. కొట్టేదేమో కూడా. మధ్యలోకి అల్లాబకాష్ వచ్చాడు.

"అయ్యా, ఒక మాట. ఈ రాత్రికి దీనికి తాళమేస్తాం. వెనకాల పనోళ్ల దొడ్డి కడిగించి పెడతా, మగోళ్లని అటు పంపియ్యి. రేపు తెల్లారేకి నేనే నలుగుర్ని తెచ్చి తొట్టి ఊడబెరికి, గోడ సరిచేసిస్తా. పగులు కూడా నువ్వు చెప్పినట్లే కొడతా."

సందీప్ పళ్లు కొరికాడు, ఫోను చూసుకున్నాడు, చివరికి తల ఊపాడు. అల్లాబకాష్ నీలి తలుపుకు తాళం వేసి, చెవి భారతి చేతిలో పెట్టాడు.

నాయన చూడకముందే తొట్టి ఊరికి చేరాలి. కడిగి, పసుపు నీళ్లు చల్లి, అక్కడే పెట్టించాలి. అది ఎక్కడుండి వచ్చిందో ఆయనకు ఈ జన్మలో తెలియకూడదు. దారి పొడుగునా భారతి తాళంచెవిని గుప్పిట్లో బిగించి అదే అనుకుంది.

*

గంగాధర్ అద్దం ముందు కొత్త చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు.

"అక్షరాలు చూసినావంట," అంది భారతి.

బొత్తాం మీద వేళ్లు ఆగాయి. అబద్ధం చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆలోచించి, మానుకున్నాడు.

"చూసినా."

"చూసి?"

"చూసి ఏం చేయల్ల? అప్పటికే పాత సామాన్లోళ్లు షీటు పట్టుకోని వెతికి తెచ్చి, క్రేనుతో దింపేసినారు. సందీపేమో దాన్ని చూసి ఎగిరి గంతేసినాడు. చేతులు కడుక్కునేదానికి వద్దు, మగోళ్ల దొడ్లో పెడదామన్నాడు. మా అత్తది అని చెప్తే పని పోతాది. పదకొండు నెలల పని."

"అత్తది అని తెల్సి, దాంట్లో పెట్టనిచ్చినావు."

"ఎండిపోయిన బోరు కాడ ఊరికే పడుండె భారతీ! కుక్కలు కూడా దాంట్లో..."

"కుక్కలు నీళ్లు తాగుతాయప్పా దాంట్లో. నువ్వు ఏం చేసినావు?"

అతను మళ్లీ బొత్తాం అందుకున్నాడు. ఒక్కసారి కూడా వాడలేదా అని అడగబోయింది. అతని చూపు పక్కకు తప్పుకోవడంలోనే జవాబు దొరికింది. పన్నెండేళ్లు ఈ మనిషి పక్కన పడుకున్నందుకు ఆమె ఒళ్లంతా గొంగళిపురుగులు పాకినట్టయింది.

"మూడు దినాలు," అంది. "మా నాయన గేటు కాడ పస్తు కూచోనుంటే, నువ్వు లోపల బజ్జీలు తినుకుంటా, ఫోటో చెక్కిస్తా అన్నావు."

"మరి ఏం చెప్పమంటావు ఆయనకి? నువ్వు చెప్తావా? పో, చెప్పు. షీటు మీద సంతకం నాది కాదు."

గేటు చప్పుడైంది. భారతి వంటింటి వైపు నడిచింది.

నల్లప్ప వచ్చిన తీరే వేరుగా ఉంది. చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, తిన్నగా వంటింటి గడప దగ్గర కూర్చున్నాడు.

"పాపా, అన్నం పెట్టు."

భారతి గడపలో నిలబడిపోయింది.

"కాయితం చూపిస్తే కొలతలు రాసుకున్నారు. జిరాక్సు తీసుకోని ఇది నాకే ఇచ్చినారు. ఇంత బాగా ఎవరు గీసినారు అని అడిగితే, నా బిడ్డేనని చెప్పినా. దొరుకుతాదన్నారు పాపా. మూల విరిగింది ఉండాది కదా, యాడున్నా దొరుకుతాదంట."

ఆమె రాగి సంగటి ముద్ద పెట్టింది. వేరుశనగల ఊరిబిండి వేసింది. పళ్లెం కుడిచేత్తో అందించింది. ఉదయం ఆ మూలను తాకిన చెయ్యే అది. ఆయన వేళ్లతో ముద్దకు గుంట చేసి, పప్పు పోయించుకుని, మూడు రోజుల ఆకలితో తిన్నాడు.

చెప్పడానికి అదే సమయం. గంగాధర్ పడకగది గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. చెప్పదని అతనికి ఎలా తెలుసో కానీ తెలిసింది. రేపు తెల్లారేసరికి తీసేస్తారు కదా, ఈ ఒక్క పూట కడుపు నిండా తిననీ అనుకుంది భారతి. అలా అనుకోవడం ఎంత సులువుగా ఉందో చూసి ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా సంగటి గిన్నె అందుకుంది.

"ఇంగో ముద్ద పెట్టేదా నాయనా?"

"పెట్టు." నల్లప్ప పళ్లెం చాపాడు. "నా బాధలో నేను పడి నీ పని గురించి అడగనే లేదు. సంవత్సరం కష్టపడినావు. ఈ పొద్దు నీ హోటలు నేను చూడల్ల పాపా. నన్నూ తోలుకోని పో."

*

సాయంత్రానికి నల్లప్ప ఉతికిన పంచె కట్టి, తెల్లటి తలగుడ్డ చుట్టి, ఆ గ్రీకు గుమ్మటాల కింద నిలబడ్డాడు. సందీప్ ఎదురొచ్చి చేయి పట్టుకున్నాడు.

"రా తాతా! అంతా మీ బిడ్డ చేసిందే. చూడు, ఎంత బాగుందో."

నల్లప్ప బేల్దారి అల్లాబకాష్‌ను పలకరించి, గోడకు వేలు తగిలించి చూశాడు. "సున్నం మంచిది. పగుళ్లే..." అని, కూతురు చిన్నబుచ్చుకుంటుందేమోనని ఆగాడు. "బాగుండాది పాపా. చల్లగా ఉండాది."

ఎవరో ఆయన చేతిలో ఆలివ్ కాయల గిన్నె పెట్టారు. ఒకటి నోట్లో వేసుకుని, మొహం వికారంగా పెట్టి, అరచేతిలోకి ఊసి, ఎక్కడ పారేయాలో తెలియక జేబులో వేసుకున్నాడు. మంచిదని రెండు గ్లాసుల నిమ్మరసం తాగించారు. స్పీకర్లలో సముద్రం హోరుమంటోంది. భారతి చీర కొంగులో తాళంచెవి ముడివేసి ఉంది. పది నిమిషాలకోసారి దాన్ని తడుముకుంటోంది. అది ఉన్నంతవరకూ భయం లేదు.

ఎవరో పాత సహాధ్యాయిని వచ్చి ఆమెను పలకరించింది. రెండు మాటలు మాట్లాడి ఇటు తిరిగేసరికి నల్లప్ప కుర్చీలో లేడు.

"మా నాయన యాడికి పోయినాడు?" అని అక్కడున్న సర్వరును అడిగింది.

"పెద్దాయన ఒంటికి పోవల్లన్నాడు మేడమ్. దారి చూపించినా."

"వెనకాల దొడ్డికా?"

"లేదు మేడమ్, ఈడికే." హాలు చివరికి చెయ్యి చూపించాడు. "గంగాధర్ సారు తాళం తీయించినాడు కదా, ఇందాకే. వెనకాల కంపు కొడతాందని గెస్టులు గొడవ చేసినారు. సారు కాడ ఇంకో చెవి ఉండాది."

నీలి తలుపు ఊగుతోంది. తాళం గడియకు నోరు తెరుచుకుని వేలాడుతోంది.

భారతి జనాన్ని తోసుకుంటూ నడిచింది. తలుపు దగ్గరికి చేరేసరికి లోపలినుంచి ఇద్దరు కుర్రాళ్లు నవ్వుకుంటూ వచ్చారు.

"ఎవడప్పా ఆ ముసిలోడు! ఐసంతా చేత్తో ఎత్తి బయటేస్తాండాడు."

ఆమె తలుపు తోసి లోపలికి వెళ్లింది.

నల్లప్ప మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. మోచేతులదాకా తడిసి ఉన్నాయి. దోసిళ్లతో పసుపుపచ్చటి ఐసునూ నిమ్మచెక్కలనూ ఎత్తి నేల మీద పోస్తున్నాడు. ఒక మూల తేలిన పీకను ఏరి పక్కన పెట్టాడు. తలగుడ్డ తీసి, దాంతో రాయిని తుడిచాడు. పై గొట్టంలోంచి నీటి ధార ఆయన బట్టతల మీద పడుతోంది. ఆయన జరగలేదు. చెయ్యి గోడకూ తొట్టికీ మధ్య సందులోకి దూర్చి, రాతి వెనుక దేనికోసమో వెతికాడు. ఆ అక్షరాలను ఆయన చదవలేడు. వేళ్లకు మాత్రం తెలుసు.

"నాయనా," అంది భారతి.

ఆమె వెనుకే సందీప్ వచ్చాడు, అతని వెనుక గంగాధర్. అందరికన్నా చివర, పెరటి వైపునుంచి పరుగెత్తుకొచ్చిన అల్లాబకాష్.

నల్లప్ప తడి చేతులు పంచెకు తుడుచుకుని, బనీను జేబులోంచి మడతలు పెట్టిన కాగితం తీసి సందీప్‌కు అందించాడు. దానికి ఆలివ్ కాయ గుజ్జు అంటుకుని ఉంది.

"నువ్వు చదువుకున్నోనివి. చూడప్పా, ఇదేనా అది?"

సందీప్‌కు తన మీదికి రాకుండా చూసుకోవడమే ఆ క్షణాన కావలసింది. గబగబా విప్పి చదివాడు. "ఇదే తాతా. ఇదిగో, మా హోటలు పేరు. 'ఇవే కొలతల్లో పాత రాయి వెతికి తేవలెను.' కింద భారతి మేడమ్ సంతకం. నేను చెప్పింది కాదు తాతా, అంతా ఆమె డ్రాయింగే."

గంగాధర్ ముందుకొచ్చాడు. "మామా, రేపు పొద్దున్నే తీయిస్తాం. భారతి కూడా పొద్దునే చెప్పింది తీయించమని. నువ్వు లెయ్యి, అందరూ చూస్తాండారు."

పొద్దునే. ఆ మాట గదిలో పడి అక్కడే ఉండిపోయింది. నల్లప్ప తల మెల్లగా ఎత్తి కూతుర్ని చూశాడు.

"నువ్వు దీన్ని పొద్దున చూసినావా పాపా?"

ఆమె కొంగులోని తాళంచెవిని గుప్పిట పట్టింది.

"మధ్యాన్నం నాకు సంగటి పెట్టినావే. అప్పటికి నీకు తెల్సునా?"

అబద్ధం చెబితే ఈ ముగ్గురిలో ఎవరూ కాదనరు. ఆమెకు ఆ సంగతి తెలుసు. మొగుడి కళ్లు ఆమెను అదే అడుగుతున్నాయి.

"తెల్సు నాయనా," అంది భారతి.

నల్లప్ప పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు, తిన్న సంగటి లోపల చెడిపోయిందన్నట్టు. వంగి, తొట్టి అంచు పట్టుకుని లేచాడు.

"అల్లాబకాషన్నా," అన్నాడు. "గడ్డపార ఉండాదా?"

"ఉండాది అప్పా."

"ఇయ్యి."

అల్లాబకాష్ బయటికి పరుగెత్తాడు. గంగాధర్ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. అతని వెనుక అతిథులు మెడలు చాపి చూస్తున్నారు. సముద్రం హోరు ఎవరూ ఆపలేదు. భారతి చీర కొంగు నడుముకు దోపి, నేల మీది మురికి ఐసులోకి చెప్పులు లేకుండా దిగి, తొట్టికి రెండో కొస పట్టుకోబోయింది.

నల్లప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు," అన్నాడు. "నువ్వు దీన్ని ముట్టొద్దు."